వెర్లా తన్నిన దొంతరలు

బీటీ, నెవాడా
మార్చి 5, 1996

మరదలు పిల్ల ఆర్డాకి,

నువ్వు భయపడినట్టు వ్యాను ఎక్కడా మొరాయించలేదు, నన్నెవరూ ఎత్తుకుపోలేదు. అరవై ఎనిమిదేళ్ళ స్కూల్ బస్సు డ్రైవర్ని ఎత్తుకుపోయి ఏం చేసుకుంటారు చెప్పు. లాస్ వేగస్‌లో ఒక పూట ఆగాను. అక్కడ కిరాణా కొట్లో కూడా జూదం మిషన్లే. పాల కోసం వచ్చిన ఒక ముసలావిడ పాలడబ్బా ఒళ్ళో పెట్టుకుని మిషన్ మీట లాగుతూ కూర్చుంది, పాలు విరిగిపోయేదాకా లేవలేదనుకుంటాను. నేను మాత్రం బుద్ధిగా ఒక కప్పు కాఫీ తాగి వచ్చేశాను. మన చర్చి కాఫీ ముట్టనివ్వదు కదా, ఆ సంగతి బిషప్ గారి చెవిన వెయ్యకు. మా తమ్ముడు నోలన్‌కి మాత్రం చెప్పు, నవ్వుతాడు.

వాడికి ఈ ఉత్తరం గట్టిగా చదివి వినిపించు. డాక్టరన్న మాట నేను మర్చిపోలేదు. ఉన్న జ్ఞాపకాలు జారిపోకుండా రోజూ కదిలిస్తూ ఉండాలన్నాడు కదా. ముగ్గురం కలిసి చెయ్యాల్సిన ప్రయాణమిది. వాడు రాలేడు, వాణ్ణి వదిలి నువ్వు రాలేవు. "నువ్వైనా వెళ్ళక్కా, చూసొచ్చి చెప్పు" అని తాళాలు నా చేతిలో పెట్టింది వాడే. అంచేత నేను కళ్ళు, నువ్వు నోరు, వాడు చెవులు.

డెత్ వ్యాలీలో మూడు రోజులున్నాను. ఉప్పునేల మీద నడుస్తుంటే మన అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. నిన్న సోమవారం పొద్దున ఒక లోయలోకి వెళ్ళాను. కాలిబాటకి చాలా దూరంగా, ఎవరూ వెళ్ళని చోట, ఒక రాళ్ళ దొంతర కనిపించింది. మూడు బల్లపరుపు రాళ్ళు, పైన చిన్న తెల్లరాయి, కాస్త ఎడమకి జరిపి. అచ్చం మన నోలన్ పార్కు దారుల్లో పెట్టే పద్ధతే! ఎవడో వాణ్ణి చూసి నేర్చుకున్నాడు. ఒక్క తన్ను తన్నాను. కాలిబాట మీంచి నన్ను చూసి వెనకే వచ్చిన ఒకమ్మాయి "అయ్యో, ఎందుకండీ?" అంది. నిలబెట్టి పాఠం చెప్పాను. రాతినేల మీద దారి నిలవదమ్మా, అందుకని పార్కు వాళ్ళు ఇలాంటివి పేర్చి దారి చూపిస్తారు, సరదాకి ఎవరు పడితే వాళ్ళు పేరిస్తే వాటిని నమ్ముకుని వెళ్ళినవాళ్ళు ఎండలో చస్తారు, మా తమ్ముడూ నేనూ ఇరవై వేసవులు జీతం లేకుండా ఇలాంటి దొంగ దొంతరలు తన్నడమే పనిగా తిరిగాం అని. దారి లేని చోట ఎవరు పెట్టినా అది దొంగదే అని వాడేగా నాకు నేర్పింది. వాడికి చెప్పు, అక్క కాలు ఇంకా బానే పనిచేస్తోందని.

ట్వంటీనైన్ పామ్స్ పోస్టాఫీసుకి రాయి, నా పేరున ఉంచమని.

నీ వదిన
వెర్లా

*

ఎస్కలాంటె, యూటా
మార్చి 11

వదినకి,

నీ కాలి దురద పోలేదన్నమాట. కాఫీ సంగతి బిషప్‌కి చెప్పలేదు, ఆయన భార్యకి చెప్పాను. ఈపాటికి ఊరంతటికీ తెలిసే ఉంటుంది.

ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాడు నీ తమ్ముడు. పాలడబ్బా ముసలావిడ దగ్గర ప్రతిసారీ కొత్తగా నవ్వాడు. దొంతర సంగతి మాత్రం చదవలేదు, ఏమీ అనుకోకు. ఈమధ్య ఆయనకి రాళ్ళ గొడవ ఎక్కువైంది, మళ్ళీ గుర్తుచెయ్యడం ఎందుకని. పొద్దున లేస్తే పెరట్లోకి వెళ్తాడు. వాగునుంచి తెచ్చుకున్న రాళ్ళు వరసగా పేరుస్తాడు. ఇవెందుకంటే, "వెనక్కి రావడానికి గుర్తుండాలి కదా" అంటాడు. పోనీలే, చేతికి పని ఉంటుంది, కాళ్ళు ఇల్లు దాటవు.

పోయిన సోమవారం వాటిలో ఒకటి కూలింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. గాలి లేదు, పిల్లి లేదు, అదే కూలింది. ఆయన దాని దగ్గర చాలాసేపు నిలబడి, లోపలికొచ్చి మన టిప్‌ని చూసి "ఈ కుక్క ఎవరిది?" అన్నాడు. పధ్నాలుగేళ్ళుగా ఆయన కాళ్ళ దగ్గరే పడుకునే కుక్క. అది తోకాడిస్తూ నిలబడింది పాపం. ఇప్పటిదాకా దాని పేరు గుర్తుతెచ్చుకోలేకపోయాడు. నేను బట్టలు ఆరేసే నెపంతో బయటికెళ్ళి కాసేపు ఏడ్చాను.

సాయంత్రాలు మా పిల్లాడు ట్రెంట్ కోసం అడగడం మామూలే. కొన్నిసార్లు పోయాడని గుర్తుంటుంది, కొన్నిసార్లు ఉండదు. తాడు భుజాన వేసుకుని "కుర్రాడు ఇంకా కనుమలోనే ఉన్నాడు, పద" అంటాడు. నువ్వు చూసినవేగా.

నాకోసం ఏదైనా ముల్లు లేని మొక్క కనబడితే దాని పేరు రాయి.

ఆర్డా

*

ట్వంటీనైన్ పామ్స్, కాలిఫోర్నియా
మార్చి 20

ఆర్డాకి,

ముల్లు లేని మొక్క ఈ దిక్కున నేను తప్ప ఇంకోటి లేదు.

టిప్ సంగతి చదివి మనసు పాడైంది. వాడికి కుక్క ఫొటో చూపించకు, వాడిచేత కుక్కకే ఏదైనా పని చెప్పించు. పిలవగా పిలవగా పేరు దానంతట అదే వస్తుంది. ట్రెంట్ విషయంలో నువ్వు ఎంత ఓర్పుగా ఉన్నావో నాకు తెలుసు. పదకొండేళ్ళయింది. పంతొమ్మిదేళ్ళ పిల్లాడు, ఎక్కడో కురిసిన వానకి కనుమలో వరదొస్తే ఏం చేస్తాడు, పైన తాడు పట్టుకుని నిలబడిన తండ్రి మాత్రం ఏం చేస్తాడు. నా బస్సులో నా వెనక సీటులోనే కూర్చుని నా మెడ మీద కాగితపు ఉండలు విసిరేవాడు వెధవ. నేను అద్దంలో చూసి చూడనట్టు నడిపేదాన్ని.

ఇక్కడి జాషువా ట్రీ పార్కులో చెట్లు చేతులెత్తి నిలబడి ఉంటాయి. మొదటి రోజు బాగానే ఉంటుంది. రెండో రోజుకి అవి మనల్ని చూస్తున్నాయనిపిస్తుంది. నాలాంటి మొండిఘటానికే అలా అనిపించిందంటే చూసుకో.

ఆదివారం పొద్దున గుడారం జిప్పు తీసేసరికి గుమ్మానికి ఎదురుగా ఒక దొంతర ఉంది. పడుకునేటప్పుడు లేదు. మూడు బల్లపరుపువి, పైన తెల్లది, ఎడమకి. పక్క గుడారాల వాళ్ళు ముందురోజే వెళ్ళిపోయారు. ఏ కుర్రవెధవ పనో అనుకుని తన్నాను. తన్నాక వంగి ఒక రాయి తీసి చూస్తే ఎర్ర చార ఉంది. ఈ చుట్టుపక్కలంతా గరుకు రాయే ఆర్డా. ఇలా నున్నగా, ఎర్ర చారతో ఉండే రాయి మన వాగులోనే చూశాను. నేను రాళ్ళు చూడక చూస్తున్నదాన్నా? పొరపాటు పడి ఉంటానని రాయి అక్కడే పడేసి టీ పెట్టుకున్నాను. ఆ తర్వాత అటువైపు మళ్ళీ చూడలేదు.

ఈ ముక్క కూడా వాడికి చదవకు. ఫీనిక్స్ దాటి ఎహో వైపు వెళ్తున్నాను.

వెర్లా

*

ఎస్కలాంటె
మార్చి 27

వదినకి,

ఇక్కడ అంతా బాగానే ఉంది. నీ తమ్ముడు బాగా నిద్రపోతున్నాడు. పోయిన ఆదివారం నుంచి కాదు, ఆ ముందు ఆదివారం నుంచి. తాడు గోడకి వేలాడుతూనే ఉంది. సాయంత్రం వరండాలో కూర్చుని నారింజపళ్ళు ఒలుచుకుని తింటున్నాడు. పెరట్లో ఇంకోటి కూలిందిలే. ఆయన పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

గులాబీలు కత్తిరించాను. చర్చి ఆడవాళ్ళు చావింటికి పంపే చీజు బంగాళాదుంపల పళ్ళెం తెచ్చారు. ఎవరూ చావకుండానే తెచ్చారేంటమ్మా అంటే, "ఆర్డా, నీ మొహం ఈమధ్య తేటగా ఉంది, అందుకని" అన్నారు. తేటగానే ఉందనుకుంటాను. పదకొండేళ్ళుగా సాయంత్రమంటే భయపడ్డ ఇల్లిది.

నువ్వు చూసిన రాయి మన వాగుది ఎందుకవుతుంది వదినా. ఎండలో ఎక్కువ తిరగకు, నీళ్ళు తాగు.

ఆర్డా

*

ఎహో, ఆరిజోనా
ఏప్రిల్ 4

ఆర్డాకి,

నీ ఉత్తరం చదివి సంతోషించాలో వద్దో తెలీలేదు. నువ్వు ఏదో దాచినప్పుడు గులాబీల గురించి రాస్తావు. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను.

నా సంగతి విను. ఇక్కడ పార్కు మెక్సికో సరిహద్దుని ఆనుకుని ఉంది. గొట్టాల్లాంటి కాక్టస్సులు, కుందేళ్ళు, దారి పొడుగునా దుమ్ము. మంగళవారం మిట్టమధ్యాహ్నం నీళ్ళ కోసం పంపు దగ్గరకి వెళ్ళొచ్చాను. వచ్చేసరికి వ్యాను తలుపుకి అటొకటి, ఇటొకటి. రెండు దొంతరలు. మెత్తటి దుమ్ములో వెళ్ళిన నా అడుగులు, వచ్చిన నా అడుగులు తప్ప ఇంకే జాడా లేదు. అప్పటిదాకా కూస్తున్న పిట్టలు ఆగిపోయాయి. ఆ పైన తెల్లరాళ్ళు రెండూ తడిగా ఉన్నాయి. ఇప్పుడే వాగులోంచి తీసి పెట్టినట్టు నీళ్ళు కారుతున్నాయి. ఇక్కడ వాన పడి ఎన్నాళ్ళయిందో దేవుడికే తెలియాలి.

నాకు భయమేస్తే కోపమొస్తుందని తెలుసుగా. "ఎవర్రా అది, ఎదురుగా రండి!" అని అరిచాను. కుడివైపుదాన్ని ఎగిరి తన్నాను. ఎడమవైపుదాని మీదికి కూడా కాలెత్తాను గానీ ఎందుకో పడలేదు. అలాగే వదిలేసి, సామాను లోపలికి విసిరి, ఊళ్ళోకి వచ్చి మోటెల్లో దిగాను. నేను, మోటెల్లో! డబ్బు దండగ అని నువ్వు కూడా తిట్టవనుకుంటాను ఈసారి.

టూసాన్‌కి రాయి. గులాబీల గురించి మాత్రం రాయకు.

వెర్లా

*

ఎస్కలాంటె
ఏప్రిల్ 9

వదినా,

నీకు దండం పెడతాను, ఇంక ఏ రాయినీ ముట్టుకోకు. ముందు ఆ మాట చదివి, తర్వాత మిగతాది చదువు.

మంగళవారం మధ్యాహ్నం నేను గిన్నెలు కడుగుతున్నాను. పెరట్లో దొంతర కూలిన చప్పుడైంది. చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళేసరికి నీ తమ్ముడు టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, మీవారు వచ్చే వేళయిందేమో. పరాయి ఇంట్లో ఇంతసేపు ఉండకూడదు, నేను బయల్దేరతాను" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో. నలభై రెండేళ్ళ కాపురం వదినా. "నేను ఆర్డాని" అన్నాను. "మంచి పేరండీ" అన్నాడు.

ఈస్టర్ రోజు కూడా అంతే. పంది మాంసం వడ్డిస్తే "మీకు శ్రమ ఇస్తున్నాను" అని సిగ్గుపడుతూ తిన్నాడు. వరండాలో బెంచీ మీద పడుకుంటానన్నాడు. బతిమాలి లోపల పడుకోబెట్టాను.

ఎక్కడికీ వెళ్ళనివ్వకుండా పెరట్లోనే తిప్పుతున్నాను. నిన్న ఆ కూలిన రాళ్ళ దగ్గర కూర్చుని తనలో తను మాట్లాడుకుంటుంటే విన్నాను. "వెర్లా తన్నేస్తోంది. అవి దొంగవనుకుంటోంది పాపం. దాని తప్పేం లేదు, నేనేగా నేర్పాను" అన్నాడు.

నీ ఉత్తరాల్లో రాళ్ళ సంగతి ఆయనకి ఒక్క ముక్క చదవలేదు. మొదటినుంచీ చదవలేదు. ఉత్తరాలు నా దిండు కింద ఉంటాయి. నీ మూడు ఉత్తరాలూ ముందేసుకుని చూశాను. నువ్వు సోమవారం తన్నావు, ఇక్కడ సోమవారం కూలింది, ఆయన మనసులోంచి టిప్ పోయింది. మంగళవారం తన్నావు, నేను పోయాను. మధ్యలో ఆదివారం పోయినదేమిటో నీకు చెప్పను, అడగకు.

ఎడమవైపుది వదిలేశానని రాశావు. అది ఎవరిదో నాకు తెలుసు. ఆయన ఇంకా నీ పేరు చెప్తున్నాడు.

ఏదైనా చెయ్యి వదినా. నా ఇంట్లో నేను పరాయిదాన్నై బతకలేను.

ఆర్డా

*

టూసాన్, ఆరిజోనా
ఏప్రిల్ 15

ఆర్డా,

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీదే చదివి, అక్కడే ఉన్న ఫోన్ నుంచి ఇంటికి చేశాను. నువ్వు పెరట్లో ఉన్నావు కాబోలు, వాడెత్తాడు. నేను నోరు తెరవకముందే "అక్కా, రెండోది ఉంచావు కదా, చాలా సంతోషం" అన్నాడు. ఫోన్ పెట్టేసి అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. ఎవరో వచ్చి నీళ్ళిచ్చారు.

ఇక్కడి పార్కూ లేదు, ఏదీ లేదు. వచ్చిన దారినే వెనక్కి వెళ్తున్నాను. మూడు చోట్లకీ.

వెర్లా

*

బీటీ, నెవాడా
ఏప్రిల్ 26

ఆర్డా,

అయిపోయింది. మూడూ నిలబెట్టాను.

ఎహో దగ్గర నేను తన్నిన రాళ్ళు తన్నినట్టే పడి ఉన్నాయి. ఎడమవైపుది చెక్కుచెదరలేదు. దాని ముందు కాసేపు నిలబడ్డాను. నన్ను నేను ఎదురుగా చూసుకుంటున్నట్టుంది. నీ రాళ్ళు ఏరి, మూడు పేర్చి, తెల్లది ఎడమకి జరిపాను. రెండుసార్లు పడిపోయింది. పడిన ప్రతిసారీ నీకక్కడ ఏమవుతుందోనని ప్రాణం పోయింది. నిలబడ్డాక నీకు క్షమాపణ చెప్పుకున్నాను, గట్టిగానే, కాక్టస్సులు తప్ప ఎవరూ లేరు కనక.

అక్కణ్ణుంచి ఫీనిక్స్ మీదుగా వచ్చాను. ఏప్రిల్లోనే రోడ్డు సెగలు కక్కుతోంది. ఆ ఊళ్ళో జనం చల్లటి పెట్టెల్లోంచి చల్లటి పెట్టెల్లోకి నడుస్తారు. మధ్యలో ఉన్న ఎడారిని ఎవరూ చూడరు. నాకు మాత్రం ప్రతి ట్రాఫిక్ దీపం దగ్గరా పేవ్‌మెంటు మీద రాళ్ళు ఉన్నాయేమోననే చూపు.

జాషువా ట్రీలో రెండోది పేరుస్తుంటే కుర్ర రేంజరొకడు వచ్చాడు. "అమ్మా, ఇక్కడ రాళ్ళు పేర్చకూడదు, తెలుసా?" అన్నాడు. ఈ మాట నేను ఎంతమందితో అన్నానో! అంతే మాట, అంతే గొంతు. వాడి బూటు కదలడం చూసి అడ్డంగా నిలబడ్డాను. "బాబూ, ఇది మా తమ్ముడిది. వాడికి దారి తెలియాలి" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలీక ఏడుపొచ్చేసింది. ఆ పిల్లాడు నన్ను చూసి, రాళ్ళని చూసి, "నేనిటు రాలేదమ్మా, మీరు నాకు కనిపించలేదు" అని వెళ్ళిపోయాడు. ఇరవై వేసవుల్లో నేనెవరినీ అలా వదల్లేదు.

ఇది ఎవరిదో నువ్వు చెప్పలేదు. పేరుస్తుంటే చేతికి తడి తగిలింది. మొదట పైరాయి ఒక్కటే అనుకున్నాను. కాదు, అన్నీ తడే. కింద ఇసక కూడా తడిసింది. వెనకాల ఎక్కడో దూరంగా నీళ్ళ హోరు లాంటిది వినిపించింది. తిరిగి చూడలేదు.

డెత్ వ్యాలీది నిన్న నిలబెట్టాను. టిప్‌ని పేరు పెట్టి పిలిచాడేమో వెంటనే రాయి.

వెర్లా

*

ఎస్కలాంటె
మే 1

వదినా,

టిప్‌ని పిలిచాడు. నన్నూ పిలిచాడు. ముందు నా సంగతి చెప్తాను, సంతోషం ముందు చెప్పాలి కనక.

గిన్నెలు కడుగుతూ తలెత్తి చూస్తే పెరట్లో కూలిన దొంతర నిలబడి ఉంది. ఆయన ఇంట్లోనే ఉన్నాడు, నా వెనకే. "ఆర్డా, ఆ కొళాయి కారుతోంది, పానా ఎక్కడ పెట్టావు?" అన్నాడు. పళ్ళెం నా చేతిలోంచి జారి ముక్కలైంది. "నీకు ఎప్పుడూ చేతులు నిలవవు" అని తిట్టాడు. ఆ తిట్టు విని నేను నేల మీద కూర్చుని నవ్వాను. నువ్వు చల్లగా ఉండాలి వదినా.

రెండు రోజులు అలాగే. మూడోరోజు పొద్దున రెండోది నిలబడింది. ఆ చుట్టూ మట్టి తడిగా ఉంది. ఆయన లేచి, బూట్లు తొడుక్కుని, గోడ మీది తాడు తీసి భుజాన వేసుకున్నాడు.

నీకు చెప్పనన్న ఆదివారం సంగతి ఇదే. ఆ రోజు పోయింది మన ట్రెంట్. పోయాడనేది మర్చిపోవడం కాదు. వాడు ఉండేవాడనే మర్చిపోయాడు. తాడు ఎందుకుందో తెలీదు, గదిలో మంచం ఎవరిదో తెలీదు. నారింజపళ్ళు తిన్నాడు, నిద్రపోయాడు. నేను నీకు రాయలేదు, ఎందుకంటే నాకు సంతోషంగా ఉండింది. కొడుకు తండ్రి మనసులోంచి పోతే సంతోషించాను. నన్నేమనుకుంటావో అనుకో.

ఇప్పుడు వాడు తిరిగొచ్చాడు, కానీ ముందులా కాదు. ఇదివరకు కొన్ని సాయంత్రాలే. ఇప్పుడు రోజూ పొద్దున్నే. "కుర్రాడు కనుమలో ఉన్నాడు, ఆకాశం చూడు, పైన ఎక్కడో కురుస్తోంది, పద పద" అంటాడు. గుమ్మానికి అడ్డం పడి చెప్పాలి. పోయాడయ్యా, మనమే పాతిపెట్టాం అని. ప్రతిసారీ అప్పుడే విన్నట్టు మోకాళ్ళ మీద పడతాడు. ఆ అరుపు నువ్వు ఆ రోజు కనుమ దగ్గర విన్నావు. నేను ఇప్పుడు రోజూ వింటున్నాను. రోజూ పొద్దున నా కొడుకు చావు నా నోటితో చెప్తున్నాను. మధ్యాహ్నానికి మర్చిపోతాడు. రాత్రికి బాగానే ఉంటాడు. తెల్లారితే మళ్ళీ తాడు.

నిన్న నేను నిద్రలో ఉండగా లేచి వెళ్ళిపోయాడు. కనుమ అంచున దొరికాడు. తాడు కట్టి, కిందికి దిగడానికి కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. ఇంకో నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో నాకు ఊహించాలని లేదు. నన్ను చూసి "వాడు కిందనుంచి పిలుస్తున్నాడు, విను" అన్నాడు. నేను విన్నాను వదినా. నీళ్ళ హోరే విన్నాననుకుంటున్నాను. కానీ వాగులో నీళ్ళు లేవు.

అందుకని అడుగుతున్నాను. జాషువా ట్రీకి వెళ్ళు. అది తీసెయ్యి. ట్రెంట్ గురించి మాట్లాడుకోవడానికి నాకు ఈ భూమ్మీద ఆయనొక్కడే ఉన్నాడు, అది నాకు తెలియక కాదు. అయినా అడుగుతున్నాను.

ఆర్డా

*

ట్వంటీనైన్ పామ్స్
మే 9

ఆర్డా,

నీ ఉత్తరం చదివి మొదట నీ మీద కోపమొచ్చింది. నన్నే ఎందుకు అడిగావనిపించింది. తెలియక తన్నడం వేరు. వాడు ఎవరో తెలిశాక ఎలా తన్నమంటావు? ఏడేళ్ళు రోజూ పొద్దున వాణ్ణి బస్సులో ఎక్కించుకుని సాయంత్రం క్షేమంగా దింపినదాన్ని. వాడి రబ్బరు బూట్ల రంగు కూడా నాకు గుర్తుంది. రెండు రోజులు వ్యాన్లో కూర్చుని నీకు తిట్లు రాసి చింపేశాను. మూడోరోజు కోపం పోయింది. నువ్వు అడగడానికి ఇంకెవరున్నారు కనక.

ఇవాళ పొద్దున వెళ్ళాను. ఎండ అప్పటికే కొరుకుతోంది. దొంతర దగ్గర మాత్రం చల్లగా ఉంది. చుట్టూ చెట్లన్నీ ఎప్పటిలాగే చేతులెత్తి ఉన్నాయి, ఈసారి ఆపమంటున్నట్టనిపించింది.

కాలు లేవలేదు. లేస్తుందనుకోనూ లేదు. కింద కూర్చుని చేత్తో ఒక్కో రాయీ తీశాను. తెల్లదాన్ని తీస్తుంటే నా మెడ వెనక ఏదో తగిలింది. చిన్నగా, మెత్తగా. కాగితపు ఉండ తగిలినట్టు. నేను తిరగలేదు ఆర్డా. బస్సు నడిపేటప్పుడు తిరిగేదాన్ని కాదు, ఇప్పుడూ తిరగలేదు. "దిగే చోటొచ్చింది నాన్నా" అన్నాను. ఎందుకలా అన్నానో నాకు తెలీదు. మిగతా మూడు రాళ్ళూ తీసి దూరదూరంగా పెట్టాను, మళ్ళీ ఒకదాని మీద ఒకటి రాకుండా. ఇసక ఆరిపోయింది. హోరు ఆగిపోయింది.

వ్యాన్లోకొచ్చి వెక్కివెక్కి ఏడ్చాను. ఇప్పుడు లాస్ వేగస్ మీదుగా ఇంటికే వస్తున్నాను. అక్కడికి రాయి, ఏమైందో తెలియకుండా నేను మీ గుమ్మం ఎక్కలేను.

వెర్లా

*

ఎస్కలాంటె
మే 13

వదినా,

గురువారం పొద్దున నేను లేచేసరికి ఆయన లేచి ఉన్నాడు. తాడు కోసం చూడలేదు. బూట్లు తొడుక్కోలేదు. వంటింట్లో టిప్‌కి రొట్టెముక్కలు వేస్తున్నాడు. పెరట్లో ఆ ఒక్కటీ కూలి ఉంది, మిగతావి నిలబడి ఉన్నాయి. నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. "ఏంటలా చూస్తావు, ఆకలేస్తోంది ఆర్డా" అన్నాడు.

నీ చేతులకి దణ్ణం పెట్టాలి. నువ్వెంత బాధపడ్డావో నాకు తెలుసు, నేను మళ్ళీ అడగను.

అయిదు రోజులైంది. రాత్రంతా నిద్రపోతున్నాడు. కనుమవైపు చూడడు. నేను గది తలుపు వేసి ఉంచాను గానీ హాల్లో గోడ మీద ట్రెంట్ ఫొటో తీసెయ్యడానికి నాకు మనసు రాలేదు. వాడు చేప పట్టుకుని నవ్వుతున్నది. ఇవాళ నేను పాన్‌కేకులు పోస్తుంటే ఆయన దాని ముందు ఆగాడు. చాలాసేపు ఆగాడు. తిరిగి నన్ను చూసి, "ఎవరి పిల్లాడో గానీ, మంచి నవ్వు. మనకీ ఒక కొడుకు పుట్టుంటే ఇలా ఉండేవాడేమో, ఆర్డా" అన్నాడు.

అవునన్నాను.

వచ్చి నా భుజం నిమిరాడు. నాకు పిల్లలు లేని దిగులు అనుకున్నాడు. "పోనీలే, మనిద్దరం ఉన్నాంగా" అన్నాడు.

నువ్వు త్వరగా వచ్చెయ్యి వదినా. పెరట్లోకి తీసుకెళ్తాను, నీ తమ్ముడికి వినపడనంత దూరం. అక్కడ వాడి పేరు నేను గట్టిగా అనాలి, పక్కన వినేవాళ్ళొకరు ఉండాలి.

ఆర్డా